విమానం ఎక్కాలా వద్దా అని దేవుణ్ణి ముప్పైసార్లు అడిగాను

రెండు వేల ఇరవై డిసెంబరులో ఒక మధ్యాహ్నం, రాయ్‌పూర్ రైల్వే కాలనీలో మా క్వార్టర్ ముందుగదిలో ఉన్నవాళ్లం ముగ్గురం: అమ్మ, నాన్న, నేను. ఉన్న వస్తువులు ఇవి: అమ్మ ఆయాసానికి వాడే పంపు ఒకటి, వేలికి తగిలించి ఆక్సిజన్ చూసుకునే మీటర్లు రెండు (మొదటిది నిజం చెబుతోందో లేదో చూడటానికి రెండోది కొన్నాను), థర్మామీటరు ఒకటి, శానిటైజరు సీసాలు నాలుగు, నా లాప్‌టాప్, అందులో పదకొండు గడుల పట్టిక, బల్ల మధ్యలో అమ్మ తెచ్చి పెట్టిన వాగ్దానాల పెట్టె. లేనిది నెమ్మది. తేలవలసిన సంగతి ఒక్కటే: క్రిస్మస్‌కి అమ్మ విశాఖపట్నం విమానంలో వెళ్లవచ్చా, కూడదా. చెప్పవలసినవాణ్ణి నేను. వారం రోజులుగా నేను చెప్పలేకపోతున్నాను.

సహోదరులారా, సహోదరీలారా, సంఘ పత్రికకు నా సాక్ష్యం రాయమని పాస్టరు గారు రెండేళ్లుగా అడుగుతున్నారు. ధర్సీవా దారిలో ఒక రోలింగ్ మిల్లులో మీటర్లు సరిచూసే ఇంజనీరుని నేను, వేడిమి, పీడనం, గ్యాసు, ఏ మీటరు ఎంత తప్పు చూపిస్తోందో కనిపెట్టి కాగితం మీద సంతకం పెట్టడం నా పని, అందుకని జరిగింది జరిగిన వరసలోనే రాస్తాను, అందం తక్కువైతే మన్నించండి.

ఆ ఆగస్టు చివర్లో నాన్నకి హెర్నియా ఆపరేషన్ చేయవలసి వచ్చింది. మిల్లులో సగం మంది జ్వరాలతో ఇళ్లలో ఉన్నారు, నాకు సెలవు దొరకలేదు, ఆసుపత్రిలో రాత్రీ పగలూ ఒక మగమనిషి తోడు కావాలి. ఆ మాట తెలిసి విశాఖ నుంచి మా బాబాయి ఫోను చేశారు. ఆయన అమ్మ సొంత చెల్లెలి భర్త, స్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు, వాళ్లకి పిల్లలు లేరు, నేను ఆరో తరగతిలో ఉన్నప్పటి నుంచీ నన్ను పేరుతో కాకుండా ఇంజనీరూ అనే పిలిచేవారు. నాలుగు రోజులు నేనొచ్చి అన్నయ్యగారి దగ్గర కూర్చుంటాను, విమానంలో రావచ్చా ఇంజనీరూ, నువ్వు లెక్క చూసి చెప్పు అన్నారు. నేను చూశాను. రైలైతే పద్నాలుగు గంటలు మనుషుల మధ్య, విమానమైతే గంటన్నర, రెండు ఊళ్లలో కేసులెన్ని, ఆయన వయసెంత, అన్నీ చూసి, రండి బాబాయ్, ప్రమాదం తక్కువే అని చెప్పాను. ఆయన వచ్చారు, నాన్న పక్కన నాలుగు రాత్రులు బల్ల మీద పడుకున్నారు, అమ్మ చేసిన చేపల పులుసు తిన్నారు, తిరిగి వెళ్లారు. వెళ్లిన మూడో రోజున జ్వరం. సెప్టెంబరు మధ్యలో ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. సమాధి కార్యక్రమం మేము ఫోనులో చూశాం, తెల్ల సూట్లు వేసుకున్న ఆరుగురు మనుషులు, దూరంగా గేటు దగ్గర గొడుగు పట్టుకుని మా పిన్ని.

ఆ జబ్బు ఆయనకి ఎక్కడ అంటుకుంది? విమానంలోనా, ఆసుపత్రిలోనా, ఆటోలోనా, మా ఇంట్లోనేనా? ఎన్నిసార్లు లెక్క వేసుకున్నా తేలలేదు. తేలిన విషయం ఒకటే, రమ్మన్నది నేను.

ఆ రోజు నుంచి భయం నన్ను పట్టుకుంది. తాగుడుకి బానిసలైన సహోదరులు మన సంఘంలో సాక్ష్యం చెప్పినప్పుడు నేను వెనక బెంచీలో కూర్చుని వినేవాణ్ణి, నాకలాంటి సంకెళ్లు లేవనుకునేవాణ్ణి, కానీ నేను రోజుకి నలభైసార్లు వేలు మీటర్లో పెట్టేవాణ్ణి, అమ్మ వేలూ పెట్టించేవాణ్ణి, పాల ప్యాకెట్టు సబ్బుతో కడిగేవాణ్ణి, కూరగాయల తోపుడుబండి భయ్యా తుమ్మాడని కొన్న బెండకాయలు మొత్తం పారబోశాను. ఒకరోజు నాన్న చూసి, అలా నొక్కుతూ పోతే ఆ మీటరుకే జ్వరం వస్తుందిరా అన్నారు. అమ్మ నవ్వింది. నేను నవ్వలేదు, ఆ నవ్వులో ఆయాసం వినిపిస్తోందా అని చూశాను. ఇది కాక ఇంకొక సంగతి ఉంది, రాయడానికి సిగ్గుగా ఉంది, రాస్తాను. పిన్ని ఫోను వస్తే నేను అమ్మకి ఇచ్చి బయటికి వెళ్లిపోయేవాణ్ణి. షిఫ్టులో ఉన్నాడని అమ్మ చేత చెప్పించేవాణ్ణి. మూడు నెలలు ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు.

డిసెంబరు మొదటి వారంలో అమ్మ మెల్లగా మొదలుపెట్టింది. ఈ క్రిస్మస్‌కి చెల్లి ఒక్కత్తే ఉంటుంది, ఇరవై తొమ్మిదేళ్లలో ఆ ఇంట్లో ఆయన లేని పండగ ఇదే మొదటిది, గంటన్నర ప్రయాణమే కదా, మాస్కు పెట్టుకుంటాను, ముఖానికి ఆ ప్లాస్టిక్ అద్దం కూడా పెట్టుకుంటాను, పంపు సంచిలోనే ఉంటుంది అంది. నాన్న మాత్రం నన్ను చూపించారు, లెక్కలు కట్టేవాడు వాడు, వాడేమంటే అదే అన్నారు. ఆయన మంచి మనసుతోనే అన్నారు, కానీ ఆ మాట నన్ను ఎటూ చెప్పలేని చోట నిలబెట్టింది, ఎందుకంటే వెళ్లమంటే అమ్మ ఊపిరితిత్తులు బలహీనం, వెళ్లొద్దంటే పిన్ని ఒంటరి, ఆమెను ఒంటరిని చేసినవాణ్ణి నేను. పదకొండు గడుల పట్టిక వేశాను. ప్రతి గడికీ మార్కులు వేశాను. పొద్దున కలిపితే వెళ్లమని వచ్చేది, సాయంత్రం కలిపితే వద్దని వచ్చేది, ఎందుకంటే మధ్యలో నేనే మార్కులు మార్చేవాణ్ణి.

అప్పుడు నేను చేసిన పని మన తెలుగు సంఘాల వాళ్లకి తప్ప ఎవరికీ తట్టదు. మీ ఇళ్లలోనూ ఉండే ఉంటుంది, అరచేయంత పెట్టె, అందులో వరసగా నిలబెట్టిన చిన్న కార్డులు, ఒక్కొక్క దాని మీద ఒక వాగ్దాన వాక్యం. అమ్మ రోజూ పొద్దున ముందున్న కార్డు తీసి చదివి, ప్రార్థన చేసి, దాన్ని వెనక్కి పెడుతుంది. అమ్మ మధ్యాహ్నం పడుకున్నప్పుడు, నాన్న డ్యూటీలో ఉన్నప్పుడు, నేను చేతులు కడుక్కుని, ప్రభువా నీ చిత్తం తెలియజేయి అని కళ్లు మూసుకుని ఒక కార్డు తీశాను. రాకపోకల్లో కాపాడతానని వచ్చింది. సంతోషించాను. కానీ సహోదరులారా, మా మిల్లులో ఏ మీటరునైనా ఒక్కసారి చూసి సంతకం పెట్టరు. ఇంకొకటి తీశాను. గదిలోకి వెళ్లి తలుపులు వేసుకుని దాగి ఉండమని వచ్చింది. మూడోది గొడ్రాలికి పిల్లలు కలుగుతారని వచ్చింది, దాన్ని వర్తించదు అని రాసుకున్నాను. అలా మూడు మధ్యాహ్నాలు, రోజుకి పది చొప్పున ముప్పై కార్డులు తీశాను, చదివినదాన్ని చేతికందిన చోట తిరిగి పెట్టేవాణ్ణి. వెళ్లమన్నవి పదమూడు, వద్దన్నవి పదకొండు, వర్తించనివి ఆరు. రెండు కార్డుల తేడా మీద అమ్మ ప్రాణం పెట్టలేను, అందుకని వంద దాకా తీద్దామనుకున్నాను!

మొదట చెప్పిన ఆ మధ్యాహ్నం అమ్మ పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టింది. వరసగా రెండు రోజులు పొద్దున తనకి ఒకే కార్డు వచ్చిందట. తీసినది వెనక్కి పోతుంది కాబట్టి, వంద పైన కార్డులు తిరిగితే తప్ప అది మళ్లీ ముందుకి రాకూడదు.

"దేవుడైతే మాట మార్చడు. మరి నా కార్డులు మార్చిందెవరు?" అంది.

నాన్న పేపరు అడ్డం పెట్టుకున్నారు. నేను లాప్‌టాప్ తిప్పి పదమూడు, పదకొండు, ఆరు చూపించాను. అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని ఆ లెక్క అంతా చదివింది, నవ్వు ఆపుకోలేక పంపు తీసుకుని రెండుసార్లు పీల్చింది, పీల్చి, నా చెయ్యి పట్టుకుని, నేను ఈ రోజుకీ మరచిపోలేని మాట అంది.

"నానా, నువ్వడుగుతున్నది విమానం గురించి కాదు. పిన్ని నిన్ను క్షమించిందా లేదా అని అడుగుతున్నావు. అది ఈ పెట్టెలో రాసి ఉండదు. దానికి ఫోను ఉంది."

నేను వెనక గదిలోకి వెళ్లి మోకాళ్లూనాను. మూడు నెలల్లో నేను ఎన్నో ప్రార్థనలు చేశాను, కానీ అవన్నీ ఇది ఇవ్వు, అది తెలియజేయి అని, ఆ రోజు మాత్రం, "ప్రభువా, వెళ్లాలా వద్దా అని నిన్నిక అడగను. రమ్మన్నది నేనే. నా లెక్క నేను నీ ముందు పెడుతున్నాను, దాన్ని నేను సరిచేయలేను. ఆమెతో మాట్లాడటానికి నాకు గొంతు ఇవ్వు, ఆమె తిడితే వినడానికి ఓపిక ఇవ్వు" అని అన్నాను. ఏడ్చాను. వెలుగేమీ కనబడలేదు, స్వరమేమీ వినబడలేదు. లేచి ఫోను చేశాను, అంతే.

రెండో రింగుకే ఎత్తింది. నేను పిన్నీ అని ఆగిపోయాను. తర్వాత బాబాయి మాట నేనే ఎత్తాను, రమ్మన్నది నేనే పిన్నీ, నన్ను క్షమించు అన్నాను. నీ తప్పేమీ లేదు బాబూ అంటుందనుకున్నాను, అందరూ అదే అంటారు కదా. ఆమె అలా అనలేదు.

"నీ మాట విని వచ్చారు, నిజమే, అబద్ధమెందుకాడాలి. నీ మీద కోపం వచ్చిందిరా. పొద్దున ప్రార్థనలో అందరి పేర్లూ చెప్పి నీ పేరు దాటేసేదాన్ని, గొంతులోంచి వచ్చేది కాదు. నవంబరులో ఒకనాడు నాకు తెలీకుండానే వచ్చేసింది. ఆ రోజు నుంచీ ఈ ఫోను పక్కనే పెట్టుకు కూర్చున్నాను, నువ్వు చేస్తే ఎత్తుదామని. నువ్వు చేస్తేనా?"

సహోదరులారా, నేను ముప్పై కార్డులు తీస్తున్న ఆ రోజుల్లో, నేను అడుగుతున్న దానికి జవాబు విశాఖలో ఒక ఫోను పక్కన కూర్చుని నా కోసం ఎదురుచూస్తోంది! దేవుడు నా కంటే ముందే ఆమె హృదయంలో పని ముగించాడు. దేవునికే మహిమ!

విమానం సంగతి పిన్నే తేల్చేసింది. అక్కని తేవద్దు, దాని ఊపిరి సంగతి నాకు తెలీదా, పండగంతా దాని ఛాతీ వైపే చూస్తూ కూర్చోలేను అంది. నువ్వు రా, నీ బాబాయి కట్టే నక్షత్రం అటక మీద ఉంది, నిచ్చెన ఎక్కడానికి నా మోకాళ్లు ఒప్పుకోవు అంది. ఈ మాట చెబితే అమ్మకి కోపం వచ్చింది, చిన్నప్పటి నుంచీ దీనికి నా మీద పెత్తనమే, నన్ను వద్దనడానికి అదెవత్తి అని గంటసేపు ముఖం ముడుచుకుంది, ఆ తర్వాత లేచి చెల్లెలికి కజ్జికాయలు చేయడానికి కొబ్బరి తురమడం మొదలుపెట్టింది. తురుముతూ కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. వెళ్లాలని అంతగా కోరుకున్నది ఆమె, ఆగిపోయింది కూడా ఆమే. నా విడుదలలో అమ్మ ఇచ్చిన భాగం అది.

మానా విమానాశ్రయానికి నాన్నే స్కూటరు మీద దింపారు. పరీక్ష చేయించుకుని, నెగటివ్ కాగితంతో, కిటికీ సీటులో కూర్చున్నాను. భయం పోలేదు, నాతోపాటే ఎక్కింది. పక్కన కూర్చున్న పెద్దాయన దగ్గినప్పుడల్లా నా చెయ్యి జేబులోని మీటరు దగ్గరికి వెళ్లేది, వెళ్లినప్పుడల్లా బాబాయి పేరు తలచుకుని స్తోత్రం చెప్పేవాణ్ణి, చెయ్యి ఖాళీగా తిరిగి వచ్చేది. దిగేదాకా ఒక్కసారి కూడా బయటికి తీయలేదు. పిన్ని ఇంటి మేడమీది గదిలో ఐదు రోజులు విడిగా ఉన్నాను, ఆమె మెట్ల మీద కంచం పెట్టి కిందికి దిగి కేకేసేది, నేను తిని కడిగి అక్కడే పెట్టేవాణ్ణి, కింద గుమ్మంలో ఆమె, మెట్ల పైన నేను, ఆ మధ్య దూరంలోనే బాబాయి గురించి మాట్లాడుకున్నాం, మాస్టారి కోపం, మాస్టారి పీనాసితనం, ఆసుపత్రి నుంచి చివరిసారి ఫోనులో మా అమ్మ పులుసు గురించి ఆయన చెప్పిన సంగతి. మళ్లీ పరీక్ష చేయించి, ఇరవై నాలుగో తారీకు సాయంత్రం కిందికి దిగి నక్షత్రం కట్టాను. ఒంకరగా ఉందిరా ఇంజనీరూ అంది పిన్ని. ఆ పిలుపు ఆమె నోట వినడం అదే మొదటిసారి.

దేవుని కృప వలన పిన్నికి గానీ నాకు గానీ ఏమీ కాలేదు. కాలేదు కాబట్టి నేను చేసింది సరైనదని ఈ సాక్ష్యానికి అర్థం కాదు, దయచేసి అలా చదవకండి, అవే రోజుల్లో నాకంటే భక్తిగలవాళ్లు జాగ్రత్తగా ఉండి కూడా వెళ్లిపోయారు. మరుసటి ఏడు సూదులు వేయించుకున్నాక అక్కచెల్లెళ్లిద్దరూ కలిశారు, ఎవరు ముందు పెత్తనం చేశారన్న దాని మీద మొదటి రోజే పోట్లాడుకున్నారు. నా చెయ్యి ఇప్పటికీ అప్పుడప్పుడు మీటరు వైపు వెళ్తుంది, నలభైసార్లు కాదు, నెలకి ఒకటో రెండో. ప్రభువు నాకు ప్రమాదం లేని జీవితం ఇస్తానని చెప్పలేదు, ప్రమాదంలో నా చెయ్యి పట్టుకునే మనుషుల్ని ఇచ్చాడు, అందుకు ఆయనకి వందనాలు, మా అమ్మకి, మా పిన్నికి వందనాలు, నా కోసం ప్రార్థించిన సంఘానికి వందనాలు.

ప్రియులారా, దేవుని చిత్తం తెలియడం లేదని మీలో ఎవరైనా కుమిలిపోతుంటే, ముందు ఒక్క సంగతి చూసుకోండి, మీరు తప్పించుకు తిరుగుతున్న మనిషి ఎవరైనా ఉన్నారా? ఉంటే, ప్రభువుని నమ్మి వాళ్లకి ఫోను చేయండి. వాళ్లు తిట్టవచ్చు, ఎత్తకపోవచ్చు, అయినా చేయండి, ఆయన మీకంటే ముందు అక్కడికి వెళ్లి ఉంటాడు. ఎక్కువ ఆలస్యం చేయకండి. సమాధి జరిగిన రోజు నుంచి లెక్కేస్తే, నాకు తొంభై ఒక్క రోజులు పట్టింది.