లాజరు మూలుగు

నారాయణఖేడ్‌లో నొప్పి ఎవరిదైనా కావచ్చు, మూలుగు మాత్రం లాజరుదే. సంగమేశ్ పన్ను పీకించుకుంటే దవడకు తువ్వాలు కట్టుకుని వారం పాటు జావ తాగింది లాజరు. భాగ్య కాన్పుకు వెళ్తే వరండాలో పడుకుని, "ఇగ నాతోని గాదు!" అని అరిచి నర్సుతో తిట్లు తిన్నదీ ఆయనే.

అలాంటివాణ్ణి తల్లి నీలమ్మ ఆసుపత్రికి తోడు రమ్మంటే వినోదకు ఒళ్లు మండింది. తంగేడు పూసినట్టు నీలమ్మ కళ్లు పచ్చబడ్డాయి. పిత్తనాళంలో రాయి ఇరుక్కుంది. నోట్లోంచి సన్నని గొట్టం పంపి దాన్ని తీయాలి, ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు అన్నారు హైదరాబాద్ డాక్టర్లు. పోయినసారి గొట్టం మాట వినగానే నీలమ్మ మంచం దిగి, చెప్పులు కూడా వేసుకోకుండా బస్సెక్కి ఇంటికొచ్చేసింది.

ఈసారి బస్సు జోగిపేట చేరకముందే లాజరు గొంతు పట్టుకున్నాడు.

"అక్కా, గా గొట్టం ఎంత పొడుగుంటదే?"

"నాకేమెరుక? ఊకో."

"నా గొంతుల ఏందో పాకుతున్నట్టున్నది. దిగిపోదమా?"

"నీకెవడేస్తుండు గొట్టం? నాకు గదా! ఊపిరి పీల్చు. గట్ల. ఇంకోసారి."

"పాపం, పేషంటును కిటికీ కాడ కూసోబెట్టుండ్రి" అన్నారెవరో. లాజరుకు కిటికీ దొరికింది. నీలమ్మ ఆయన వీపు నిమురుతూ కూర్చుంది. వినోద పళ్లు నూరింది.

ఆసుపత్రిలో నర్సు చక్రాల కుర్చీని తిన్నగా లాజరు ముందు ఆపింది.

"ఆయన గాదమ్మా, నేను పేషంటును!" నవ్వాపుకోలేక నీలమ్మ తనే ఎక్కి కూర్చుంది. "మత్తిస్తరట, నాకేం గాదు. నువ్వు పరేషాన్ గాకు లాజరూ" అంటూ లోపలికి వెళ్లిపోయింది.

తలుపు మూసుకుంది. వాన వెలిసినట్టు మూలుగు ఆగిపోయింది. లాజరు లేచి, ముఖం కడుక్కుని, రెండు చాయ్‌లు తెచ్చాడు.

"తగ్గిందా మామా నొప్పి?" వినోద దెప్పింది.

"ఇగ ఎవరున్నరే చూసేటందుకు? భయపడేటోళ్ల పక్కన ఇంకింత భయపడేటోడుంటే జర ధైర్యమొస్తది బిడ్డా. చాయ్ తాగు, సల్లారుతది."

రాయి వచ్చేసిందని డాక్టరు చెప్పాడు. నీలమ్మ కళ్లు తెరిచేసరికి లాజరు మళ్లీ గొంతు పట్టుకుని గోడకు జారగిలబడి ఉన్నాడు.

"అయిపోయింది లాజరూ, ఏం గాలె, ఏం గాలె" అని ఓదార్చింది నీలమ్మ. ఆయన మందులు తేవడానికి వెళ్లగానే వినోద తల్లి చెవిలో చెప్పింది: "అదంతా ఉత్త నాటకమే అమ్మా."

"బస్సులనే ఎరుకైంది. నువ్వు ఎరుకైనట్టు కనపడకు, చిన్నబోతడు" అంది నీలమ్మ. "మనూర్ల ఉండే భీమమ్మ గూడ గీ గొట్టానికి భయపడే ఇంట్ల గూసున్నది. వచ్చే వారం ఆమెతోని ఈయన్నే పంపాలె."