అరుపులన్నీ ఆయనవే

సూది గుచ్చించుకునేది అవతలివాళ్లు. అబ్బా అని అరిచేది మాత్రం గుచ్చే ఆయన. ఆక్యుపంక్చర్ అనడానికి నోరు తిరగక అందరూ సూదులాయన అని పిలిచే ఆ పెద్దమనిషికి ఉన్న ఒకే ఒక్క జబ్బు అది. ఎన్ని సూదులో అన్ని అరుపులు. బయట బెంచీ మీదవాళ్లకు లోపల వైద్యం జరుగుతోందో, కోడిని కోస్తున్నారో అర్థమయ్యేది కాదు.

ఆ బెంచీ మీద, ఊళ్లో జుట్టు కత్తిరించే సెలూన్ మావయ్య భార్యతో వచ్చి బిగుసుకుపోయి కూర్చున్నాడు. కుడి భుజం పట్టేసి చెయ్యి గడ్డం దాటి లేవడం లేదు. కొన్నాళ్లు వచ్చినవాళ్లను కుర్చీలోంచి దింపి, పీట మీద కూర్చోబెట్టి కత్తిరించాడు. పీట కూడా ఎత్తయిపోయాక కొట్టు మూసేశాడు. చెయ్యి లేస్తేనే షట్టరు లేచేది.

"ఊళ్లోవాళ్ల గొంతుల మీద కత్తి ఆడించినవారు, సూదికి చెమటలేంటండీ?" అంది భార్య.

"చెమట కాదే, ఉక్క. లోపల నేను కిక్కురుమంటే అడుగు."

తలుపు వెనక 'అబ్బా' అని వినిపించింది. మావయ్య భార్య చెయ్యి పట్టుకున్నాడు.

"అది ఆయనేనటలెండి," అందామె.

"ఎవరు చూశారు?"

పిలుపొచ్చింది. సూదులాయన రెండు చేతుల నాడీ చూసి, నాలుక చాపమన్నాడు.

"భుజానికీ నాలుకకీ ఏంటండీ సంబంధం?"

"చాపిన నాలుకతో మాట్లాడకు. పొద్దున ఏమన్నా తిన్నావా?"

"భయానికి దిగలేదండీ."

"ఖాళీ కడుపున గుచ్చితే కళ్లు తిరుగుతాయి," అని బిస్కెట్లు తినిపించి, కాసేపాగి పడుకోబెట్టాడు.

సూది బయటికి తీశాడు. జుట్టుతోనే బతికిన మావయ్యకు అది వెంట్రుకంతే కనిపించి కాస్త ధైర్యమొచ్చింది. తీరా ఆయన మోకాలి కింద తడుముతున్నాడు.

"నొప్పి భుజంలోనండీ. కాలు బానే ఉంది."

"కాలుతో నేను మాట్లాడుకుంటాలే... అబ్బా."

మావయ్యకు చీమ కుట్టినట్టయింది, అంతే. రెండోదానికీ ఆయనే అరిచాడు. మూడోదానికి మావయ్యకు నవ్వొచ్చింది.

"ఇప్పుడు భుజం. బరువుగా, జిల్లుమన్నట్టుంటే మంచిదే. మంటపుడితే చెప్పు, తీసేస్తా."

గుచ్చగానే భుజంలోంచి వేళ్లదాకా ఏదో లాగినట్టయింది. కొట్టు, పరువు, భార్యకిచ్చిన మాట అన్నీ మరిచిపోయి మావయ్య "అమ్మా" అని అరిచేశాడు. అదే క్షణంలో సూదులాయన అంతకు రెండింతలు అరిచాడు.

ఆ తర్వాత సూదులతో కదలకుండా పడుకున్నంతసేపూ మావయ్యకు భుజం గుర్తే లేదు. బయట ఆవిడ వినే ఉంటుంది. ఇక బతికినన్నాళ్లూ దెప్పుతుంది.

సూదులు తీశాక చెయ్యి ఎత్తి చూశాడు. గడ్డం దాటి ముక్కుదాకా వచ్చింది.

"ఇంకా కొన్నిసార్లు రావాలి. నిదానంగా లే, మంచినీళ్లు తాగు," అన్నాడు సూదులాయన, బొంగురుగా.

మావయ్య తల వంచుకుని బయటికొచ్చాడు.

"నిజంగానే కిక్కురుమనలేదే మీరు," అంది భార్య. "ఆయనే పాపం, చివర్లో ఇద్దరి పెట్టున అరిచారు."

మావయ్య వెనక్కి తిరిగాడు. గుమ్మంలో సూదులాయన గొంతు సవరించుకుంటూ వేడినీళ్లు తాగుతున్నాడు.

"ఏం చెయ్యనమ్మా, నొప్పికి ఓర్చుకోలేను," అన్నాడు ఆవిడతో.

మావయ్య మళ్లీ వచ్చేనాటికి షట్టరు లేచింది. చెయ్యి కాస్త పైకి లేస్తోందని పీట మీద దిండు వేసి మరీ కత్తిరిస్తున్నాడు. సూదులాయన బెంచీ మీద ఈసారి పక్కన ఓ లారీ డ్రైవరు తెల్లబోయిన మొహంతో ఉన్నాడు. లోపల ఎవరో గావుకేక పెట్టారు.

"అది... ఎవరండీ?"

"సూదులాయనేనండీ," అన్నాడు మావయ్య తాపీగా. "పేషెంట్లు అస్సలు నోరెత్తరు. కావాలంటే మా ఆవిణ్ణి అడగండి."