శిరీష పెదవులు, గంగమణి గొంతు

మా ఇంట్లో దిష్టి తీసిన మిరపకాయలు నిప్పులో వేస్తే ఘాటు రాకపోతే "చూసినవా, ఎంత దిష్టి తగిలిందో" అంటారు. వస్తే మిరపకాయలు మంచివని ఊరుకుంటారు. అలాంటి ఇంట్లో పుట్టి కూడా నేను దేన్నీ నమ్మలేదు. పైగా ఇరవై ఏళ్లుగా భౌతికశాస్త్రం చెబుతున్నాను. దయ్యాన్ని చూశానని ఎవరైనా అంటే ముందు కళ్ల డాక్టరు దగ్గరికి పొమ్మనే రకం నేను. అందుకే ఇది రాయడానికి మూడేళ్లు వెనకాడాను.

మాది కామారెడ్డి. రోజూ బస్సెక్కి ఎల్లారెడ్డి దగ్గర ఆడపిల్లల హాస్టల్ బడికి పోయి వస్తుంటాను. ఆ ఏడు ఇంగ్లిష్ టీచర్ కాన్పు సెలవులో ఉండడంతో వార్షికోత్సవం నాటకం నా నెత్తిన పడింది. లైబ్రరీలో వెతికితే పాత పుస్తకం ఒకటి దొరికింది. నలుపు తెలుపు కాలం నాటి హాలీవుడ్ నటి ఒకామె జీవితకథ.

పేదింటి పిల్ల. తల్లి లాండ్రీలో ఇస్త్రీ చేసేది. చిన్నచిన్న హోటళ్లలో పాడుతుంటే స్టూడియోవాళ్లు చూసి ఏడేళ్లకు ఒప్పందం రాయించుకున్నారు. పేరు మార్చారు, కనుబొమలు పీకారు, పళ్లు సరిచేశారు. అన్నిటికీ సరే అంది. పెద్ద సినిమా వస్తే అందులో పాటలన్నీ తనే పాడింది. తీరా థియేటర్లో కూర్చుని చూస్తే తెర మీద పెదవులు తనవి, గొంతు ఇంకెవరిదో. తీసేస్తున్నామని మాట వరసకైనా చెప్పలేదు. తర్వాత బోలెడు సినిమాలు చేసింది, మంచి పేరు తెచ్చుకుంది, నిండుగా బతికి పోయింది. కానీ ఆ సినిమాలో తీసేసిన పాటను మాత్రం ప్రతి కచేరీలో చివరగా తన గొంతుతో పాడేదట.

నాటకం ఇంగ్లిష్‌లోనే రాశాను. ఆ పాటకు మాత్రం, వచ్చే తల్లిదండ్రులకు కొంతైనా అర్థం కావాలని, తెలుగు మాటలు కట్టాను.

నటి వేషం శిరీషకిచ్చాను. పదో తరగతి, లింగంపేట పిల్ల. వాళ్లమ్మ గంగమణి ఇంట్లోనే ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతుంది. పది అయిపోగానే పిల్లను ఇంటికి తీసుకుపోతానని ముందే చెప్పేసింది. "సదివి ఏం జేస్తది మేడం? చాట ముంగట కూసుంటే నాకు ఆసరైతది." శిరీషకేమో ఇంటర్ కూడా ఇక్కడే చదవాలని ఆశ. అమ్మ ఒక్కసారి నా పాట వింటే మనసు మారుతుందని ఆ పిల్ల నమ్మకం. నాటకం కాదు, ఆ పాటే దానికి పరీక్ష.

సరిగ్గా వార్షికోత్సవం రోజు పొద్దున దాని గొంతు పోయింది. ఉప్పునీళ్లు పుక్కిలించింది, మిరియాల పాలు తాగింది. గాలి తప్ప మాట రావడం లేదు. ఇక నా ఫోన్లో ఆ నటి పాటే స్పీకర్‌లో పెడతాను, నువ్వు పెదవులు కదుపు అన్నాను. ఆ పిల్ల నా చెవి దగ్గరకొచ్చి గుసగుసగా అంది, "ఆమెకు గట్ల జేసిన్రనే గద మేడం, మనం నాటకం ఆడుతున్నది?"

నాకు సిగ్గేసింది. కానీ వేరే దారి లేక ఎలాగో ఒప్పించాను.

మన దగ్గర సభ అంటే ఫోటో, దండ, దీపం ఉండాల్సిందే కదా. అటెండర్ యాదమ్మ ఆ నటి ఫోటోకు బంతిపూల దండ వేసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కూడా కొట్టింది. చనిపోయినామె పేరు మీద ఆట ఆడుతూ ఆమెను పిలవకపోతే ఎలా అని ఆమె వాదన. దండలో హాలీవుడ్ ముఖం చూసి స్టాఫంతా నవ్వుకున్నాం.

మధ్యాహ్నం మూడు దాటాక నాటకం మొదలైంది. పాట దగ్గరికి రాగానే కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి, స్పీకర్ ఆగింది. ఫోన్లో పాట నేనింకా నొక్కనే లేదు. కర్టెన్ గుడ్డతో కుట్టిన తెల్ల గౌనులో శిరీష ఒక్కతే నిలబడి ఉంది. దండం పెట్టి వచ్చేయమని పక్క నుంచి సైగ చేశాను. అది నా వైపు చూడకుండా నోరు తెరిచింది.

పాట వచ్చింది.

పిల్ల గొంతు కాదు, నిండైన ఆడమనిషి గొంతు. మైకు లేకుండానే హాలంతా వినబడింది. వంటవాళ్లు గరిటెలు పట్టుకుని గుమ్మం దాకా వచ్చారు. మాటలన్నీ నేను రాసినవే, ఒక్కటి తప్ప. రెండో చరణంలో నేను "మేఘం" అని రాసిన చోట ఇక్కడి పల్లెల మాట "మొగులు" వినబడింది. ముందు వరసలో గంగమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బిగుసుకుపోయి కూర్చుంది.

చప్పట్లు ఆగలేదు. పరుగెత్తి వెళ్లి శిరీషను వాటేసుకున్నాను. దాని గొంతులో ఇంకా గాలే. "నేను పాడలే మేడం. ఉత్తగ పెదవులు కదిపిన. పక్కనుంచి మీరే పాడుతున్నరనుకున్న."

ఇంతలో గంగమణి వచ్చింది. ఏళ్ల తరబడి తంబాకు దుమ్ము పీల్చి ఆమె గొంతు ఎప్పుడో బొంగురుపోయింది. చెవి దగ్గర పెడితే తప్ప మాట వినబడదు. "అది నా గొంతు మేడం. పెండ్లి గాకముందు గట్లనే పాడేదాన్ని" అంది. ఏదో భ్రమ అనుకునేదాన్నే. కానీ వెంట వచ్చిన వాళ్లక్క కళ్లు తుడుచుకుంటూ నా చెయ్యి పట్టుకుంది. "మా చెల్లె గొంతు నాకెర్క లేదా మేడం? గిదే గొంతు."

వార్డెన్ ఫోన్లో ఆ పాటంతా వీడియో తీసింది. బొమ్మ చక్కగా ఉంది. పిల్లల దగ్గులు, కుర్చీ జరిపిన చప్పుడు అన్నీ ఉన్నాయి. పాట మాత్రం లేదు. శిరీష పెదవులు కదులుతుంటాయి, చివర ఉన్నట్టుండి చప్పట్లు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. టీచర్లను, వంటవాళ్లను విడివిడిగా అడిగాను. అందరూ విన్నామనే చెప్పారు. వంటామె నేనేమీ అందించకుండానే ఆ "మొగులు" చరణం అప్పజెప్పింది.

పిలిస్తే ఆ నటి వచ్చిందని యాదమ్మ తేల్చేసింది. మరి వచ్చినామె గంగమణి గొంతుతో ఎందుకు పాడుతుందే అని అడిగితే, "అది ఆమెనే అడుగుండ్రి" అని చీపురు తీసుకుని వెళ్లిపోయింది.

గంగమణి మాత్రం నన్నేమీ అడగలేదు. పిల్లను చాట ముందు కూర్చోబెట్టనని చెప్పి, ఇంటర్ కాగితాల మీద సంతకం పెట్టింది. ఇప్పుడు శిరీష కామారెడ్డిలో డిగ్రీ చదువుతోంది. నా సంతోషం సంగతి చెప్పక్కర్లేదు.

మొన్న ఒక పెళ్లికి లింగంపేట పోయినప్పుడు వాళ్లింటికి వెళ్లాను. గంగమణి ఆ వీడియో అడిగింది. పాట వినబడదక్కా అని ముందే చెప్పాను. ఫర్వాలేదని ఫోన్ అందుకుని, తెర వైపు చూడకుండా చెవికి ఆనించుకుంది. కళ్లు మూసుకుని, బీడీలు చుట్టే వేళ్లతో చాట అంచు మీద మెల్లగా తాళం వేసింది. కాసేపటికి వేళ్లు ఆగాయి. ముఖంలో నవ్వు.

"అయిపాయె" అంది.

ఆ మాట పూర్తి కాకముందే ఫోన్లోంచి చప్పట్లు వినబడ్డాయి. ఇది ఎలా జరిగిందో నాకు తెలియదు. తెలుసుకునే ప్రయత్నం కూడా ఆ రోజుతో మానేశాను.