హమీద్ సార్ నేర్పిన కవర్

లక్సెట్టిపేటలో మా బడి మైదానంలో సాయంత్రం ఆడపిల్లలు వాలీబాల్ ఆడుతుంటారు. అరచెయ్యి బంతికి తగిలి ‘ధప్’మన్న చప్పుడు వినబడగానే నా కాళ్లు వాటంతటవే కదులుతాయి. ఇప్పుడు వాళ్లకు ఆట నేర్పేదాన్ని నేనే. ఆ కదలడం నాకు నేర్పింది మాత్రం హమీద్ సార్.

మా బాపు బొగ్గుబాయిలో పనిచేసేవాడు. మేముండే కార్మికుల కాలనీ బడికి వ్యాయామం సారుగా వచ్చినాయన హమీద్ సార్. అంతకుముందు సైన్యంలో, ఆకాశం నుంచి వచ్చేవాటిని కూల్చే దళంలో రాడార్ ముందు కూర్చున్న మనిషి. మెచ్చుకోవడం ఆయనకు చేతకాదు. బాగా ఆడితే మీసం ఒకసారి దువ్వుకునేవారు, అంతే. ఆ దువ్వుడు కోసం మేం మోకాళ్లు చెక్కుకుపోయేలా పడి ఆడేవాళ్లం.

ఆయన సర్వీసు రెండు రకాలు. ఒకటి పైకి లేచి వంపుగా దిగేది. ఎక్కడ పడుతుందో చిన్నపిల్లలు కూడా చెప్పగలరు. రెండోది గిరగిర తిరగదు. గాలిలో అటూ ఇటూ ఊగి, చివర్లో పక్కకు జారిపోతుంది. దాన్ని మొదటిసారి ఎదుర్కొన్నప్పుడు నేను దర్జాగా చేతులు చాచి నిలబడ్డాను. బంతి నా భుజం పక్కనుంచి పోయి నేలను తాకింది.

“గీడ వడ్తదని నీకెవలు చెప్పిన్రు బిడ్డా?” అన్నారు సార్.

“గిటే వచ్చింది గద సార్.”

“వచ్చేటప్పుడు గట్లనే వస్తది. చేతికి తాకేదాంక కాళ్లు ఆడుతుండాలె. నీ చెయ్యి తప్పితే అందుకోను వెనక ఒక్కరు కవర్ ఉండాలె. ముందటోళ్లు మంచిగ ఆడుతరని కవర్ తీసేస్తమా?”

ఏండ్లు గడిచాయి. మా తమ్ముడు శ్రీను గల్ఫ్‌లో ఎలక్ట్రీషియన్ అయ్యాడు. వాడుండే ఊరి మీదికి క్షిపణులు వచ్చిన రోజుల్లో మమ్మల్ని కన్న అవ్వ అన్నం ముట్టలేదు. వాడేమో సైరన్ మోగగానే వాళ్లుండే కార్మికుల క్యాంపు మిద్దె ఎక్కి, క్షిపణుల్ని క్షిపణులు కూల్చడం వీడియో తీసి స్టేటస్ పెట్టేవాడు. అక్కడున్న మన పోరగాళ్లందరిదీ అదే పని. ఇంటివాళ్లు చూసి ధైర్యపడతారని వాళ్ల ఆలోచన. “అన్ని కూలుస్తున్నరక్కా, ఫికర్ జెయ్యకు” అనేవాడు. నాకు మాత్రం ధైర్యం చిక్కలేదు. అవ్వను తీసుకుని, రిటైరై మంచిర్యాలలో ఉంటున్న సార్ ఇంటికి పోయాను. సార్ ఆ వీడియో చూసి వాడికి ఫోన్ కలపమన్నారు.

“బేటా, పాతరకం క్షిపణి సాదా సర్వీసు లెక్క. లేసిన జరసేపటికే అది ఏడ దిగుతదో రాడార్ లెక్కగడ్తది. కూల్చేది ఆడికి ఎదురువోతది. ఇప్పుడొచ్చేటియి కొన్ని దిగేటప్పుడు పక్కకు మళ్లుతయి. కూల్చేది లెక్క ప్రకారమే పోయింది, కని ఆడ అది లేదు. మళ్లించుదామంటే టైం ఏది? అందుకే ఒక్కదానికి రెండు మూడు వదుల్తరు. ఉన్నయన్ని అయిపోతే?”

“శానా కూలుతున్నయి గద సార్?” అన్నాడు శ్రీను ఫోన్‌లో.

“కూలుతయి. నేనూ గా పనే జేసిన. కని కూలినదాని తునకలు సుత యాడనో ఓ కాడ వడ్తయి. ఆఖరి కవర్ రాడార్ గాదు, నువ్వే. సైరన్ మోగితే కిందికి దిగు.”

అవ్వ తట్టుకోలేక “నా కొడుక్కేం గాదని జెప్పు సారూ” అని బతిమాలింది.

“గట్ల జెప్పలేను చెల్లె. దిగుమనే జెప్తున్న.”

నాకు ఆయన మీద ఒళ్లు మండింది. కన్నతల్లికి ఓ చల్లని మాట చెబితే ఆయన సొమ్మేం పోయిందనుకున్నాను. కానీ ఫోన్‌లో శ్రీను అదంతా విన్నాడు. ఏం కాదని అందరూ చెప్పినప్పుడు మిద్దె ఎక్కినవాడు, చెప్పలేనని ఒక్కరు అన్నాక దిగాడు. కొన్నాళ్లకు ఇనుప తునక ఒకటి వాళ్ల మిద్దె మీద పడి నీళ్ల ట్యాంకు పగిలింది. అప్పుడు పైన ఎవరూ లేరు. తోటివాళ్లను కూడా శ్రీనే కిందికి తోలుకుపోయాడట. ఆ కబురు చెబితే సార్ మీసం ఒకసారి దువ్వుకున్నారు.

పోయిన చలికాలం సార్ కన్నుమూశారు. మైదానంలో నేనిప్పుడు “ఏం కాదు” అన్న మాట వాడను. ఎక్కడ నిలబడాలో చెబుతాను. గల్ఫ్‌లో అప్పుడప్పుడు సైరన్ మోగుతూనే ఉంటుంది. వీడియోలు రావు. శ్రీను నుంచి ఒక్క మాట వస్తుంది: “దిగినక్కా.” అది అవ్వకు చదివి వినిపిస్తాను. అప్పుడు అవ్వ కంచం ముందు కూర్చుంటుంది.