ఎనిమిదో పేరు

దేన్నైనా చూపించాల్సి వస్తే మర్లీన్ హోస్కింగ్ కుడిచేతి బొటనవేలితోనే చూపేది. నాలుగు వేళ్లూ లోపలికి మడిచి, మణికట్టు కాస్త వంచి, బొటనవేలు ముందుకు చాపేది. చూపుడువేలు ఎత్తడం జావాలో మర్యాద కాదు. ఇరవై ఏళ్ల వయసులో సలతిగ ఊళ్లో ఒకరింట్లో ఉండి చదువుకున్నప్పుడు ఆ ఇంటి పెద్దావిడ నేర్పిన అలవాటు. నలభై ఏళ్లయినా పోలేదు. ఆస్ట్రేలియాలో, విక్టోరియా గోధుమ నేలల్లో, గొర్రెల సంతలో, చర్చి ముందు ఆ బొటనవేలు చూసి కొత్తవాళ్లు నవ్వుకునేవాళ్లు. ఊరివాళ్లు నవ్వేవాళ్లు కాదు. వాళ్లలో చాలామంది ఆమె దగ్గర చదువుకున్నవాళ్లే.

ఊరంతటికీ ఆమె ‘ఇబు’. ఇండోనేషియా భాషలో అమ్మను అలా పిలుస్తారు, పంతులమ్మనూ అలాగే పిలుస్తారు. తరగతి గదిలో మొదలైన పిలుపు ఊరంతా పాకింది. మాంసం కొట్టు డెస్మండ్ ముక్కలు కట్టేటప్పుడు ఆమెను చూస్తే చాలు, “సాతు, దువా, తిగా” అని పైకి లెక్కపెట్టేవాడు.

“నాలుగేమిటి డెస్?”

“నాలుగు రాకముందే మీ క్లాసు ఎగ్గొట్టాను కదా ఇబూ. అందుకే మీకెప్పుడూ మూడే కడతాను.”

ఒకటి నుంచి మూడు దాకా అంకెలు. కాసేపు బయటికి వెళ్లొస్తానని టీచరును అడిగే ఒక వాక్యం. ఊరికి మిగిలింది అంతే. పబ్బులో బల్ల దగ్గర్నుంచి లేచిన ప్రతివాడూ ఆ వాక్యమే అని లేచేవాడు. ముప్పై నాలుగేళ్ల పాఠాలకు పండిన పంట ఇదని ఆమె తనే చెప్పి నవ్వేది.

ఆమె చేరిన కొత్తలో బడిలో ఆ భాషకు ముగ్గురు టీచర్లుండేవారు. తరగతికి రెండు సెక్షన్లు. ఉత్తరాన సముద్రం దాటితే ఉన్న పొరుగువాళ్ల మాట రాకపోతే మన పిల్లలకు భవిష్యత్తు లేదని పెద్దలు చెప్పిన రోజులవి. రెండేళ్లకోసారి ఆమె పిల్లల్ని సలతిగ తీసుకెళ్లేది. బాలిలో బాంబులు పేలిన ఏడాది ఆ ప్రయాణం ఆగింది. తర్వాత మళ్లీ వెళదామంటే తల్లిదండ్రులు సంతకం పెట్టలేదు. వాళ్లు పెట్టిన ఏడాది బీమా కంపెనీ పెట్టలేదు. ఒక టీచరు పెర్త్ వెళ్లిపోయింది, ఇంకొకాయన రిటైరయ్యాడు. వాళ్ల కుర్చీల్లోకి ఎవరూ రాలేదు. పై తరగతుల నుంచి మొదలై పాఠం కిందికి తరిగింది. పన్నెండులో పోయింది. పదకొండులో పోయింది. ఇప్పుడు పదో తరగతే పైది.

ప్రిన్సిపాల్ నీల్ ట్రెంబాత్ కూడా ఆమె దగ్గర చదువుకున్నవాడే. ఆగస్టులో పిలిచి కూర్చోబెట్టాడు.

“ఇబూ, రూలు మీకు తెలిసిందే. వచ్చే ఏడాది పదిలో ఎనిమిది మంది ఉంటేనే క్లాసు.”

“పోయినేడు ఆరుగురితో నడిపావు.”

“నడిపినందుకు పై ఆఫీసువాళ్లు నాకు తలంటి పోశారు. ఎనిమిది. సెప్టెంబరు రెండో శుక్రవారం, నాలుగింటికి.”

“పదిలో లేకపోతే తొమ్మిదిలో ఎవడు తీసుకుంటాడు నీల్?”

అతడు బల్లమీది కాగితాలు సర్దాడు. “మీకు ఇంగ్లీషు క్లాసులిస్తాను. మీ ఉద్యోగానికి ఢోకా లేదు.”

“నేను అడిగింది ఉద్యోగం గురించా?”

తప్పు ఆమె చేతిలోనే జరిగింది. పదో తరగతి పిల్లలు ఎంచుకునే సబ్జెక్టులను బడివాళ్లు వరసలుగా వేస్తారు. ఒక్కో వరసలోంచి పిల్లలు ఒక్కటే తీసుకోవాలి. ఏ వరస కావాలో టీచర్లు మే నెలలో చెప్పుకోవాలి. మర్లీన్ ఉదయం విరామం తర్వాత పదకొండు గంటల వరస అడిగింది. ఇక్కడ పదకొండంటే సలతిగలో ఎనిమిది. అక్కడ వహ్యునింగ్‌సి అనే టీచరు తరగతి అప్పుడే కుదురుకుని ఉంటుంది. గోడ మీది తెరలో ఆ పిల్లలూ ఈ పిల్లలూ ఎదురెదురుగా మాట్లాడుకోవచ్చు. ఆ వరసలో ఇంకేమున్నదో ఆమె చూడలేదు.

ఉన్నది పశుపాలన.

ఆ ఊళ్లో పశుపాలనకు ఎదురు నిలిచి బతికిన సబ్జెక్టు లేదు. ఫ్రెంచి అలాగే పోయింది. సంగీతం అలాగే పోయింది. గొర్రెల కుక్కలకు కూడా తెలిసిన సంగతి. ఆమెకూ తెలుసు. కాని మే నెలలో ఆమె చూసింది సలతిగ గడియారం. ఆగస్టులో కళ్లు తెరిచేసరికి టైంటేబులు మేకు కొట్టినట్టు బిగిసిపోయింది.

గడువు దాకా రోజూ తిరిగింది. బస్సు స్టాండు దగ్గర, ఫుట్‌బాల్ మైదానం అంచున, విరామంలో మెట్ల మీద పిల్లల పక్కన కూర్చుంది. ఎవరినీ బతిమాలలేదు. ఆ భాషలో ఒక కథ చెప్పేది, లేచి వెళ్లేది. గడువు రోజు మధ్యాహ్నానికి ఏడు పేర్లు వచ్చాయి.

మూడుంబావుకు బ్రిడీ నూనన్ వచ్చింది. గొర్రెల ఉన్ని కత్తిరించే కెవిన్ నూనన్ కూతురు, తొమ్మిదో తరగతి. ఇబు తరగతి గదిలోకి అందరూ వచ్చినట్టే బూట్లు గుమ్మం బయట విప్పి వచ్చింది. ఒక సాక్సుకు కన్నం ఉంది.

“ఎనిమిదో పేరు నాది ఇబూ.”

కాగితం బల్లమీద పెట్టింది. పశుపాలన కొట్టేసి, పక్కన ఇండోనేషియా భాష అని రాసి ఉంది. కింద కెవిన్ సంతకం.

మర్లీన్‌కు ముందు కలిగింది సంతోషమే. ఆ మాట ఆమె తర్వాత ఎవరి దగ్గరా దాచలేదు.

“నువ్వు పశువుల డాక్టరువి కావాలన్నావు కదే?”

“కావచ్చులెండి. దాని సంగతి పదకొండులో చూసుకుంటా.”

“మొన్న అడ్డం తిరిగిన గొర్రెపిల్లను నువ్వే బయటికి తీశావట. మీ నాన్న సంతంతా చెప్పాడు.”

“మా నాన్న చెప్పేదాంట్లో సగం తీసేయాలి. కాళ్లు రెండూ నేను సరిచేశా. మిగతాది ఆయన తిట్లు వినలేక అదే బయటికొచ్చింది.”

ఇద్దరూ నవ్వారు. ముందు మర్లీన్ నవ్వు ఆగింది.

“మరి ఇదెందుకు?”

“ఏడయ్యాయంట కదా, హేమిష్ చెప్పాడు. ఒక్కటి తక్కువైతే మొత్తం పోతుందంట. మా నాన్న కూడా అన్నాడు, ఇబు కోసం ఒక్క ఏడాదికి ఏమవుతుందే అని.”

“నీకిష్టమేనా?”

“మీరంటే ఇష్టం ఇబూ.”

“నేను కాదు. ఆ భాష?”

సాక్సు కన్నంలోంచి అమ్మాయి వేలు కదిలింది. “పర్లేదు,” అంది.

కిటికీ బయట బస్సులు వచ్చి నిలబడుతున్నాయి. మర్లీన్ కాగితం చేతిలోకి తీసుకుంది. మిగతా ఏడుగురూ గుర్తొచ్చారు. సలతిగలో ఒక కుర్రాడికి మోటారుసైకిళ్ల గురించి వారం వారం రాసే హేమిష్. తప్పులకు భయపడి గుసగుసగా మాట్లాడే మెర్సర్ కవలలు. ఈ కాగితం నీల్ బల్ల చేరితే వాళ్ల తరగతి ఉంటుంది. ఎందుకిచ్చావని బ్రిడీని ఎవరూ అడగరు. వచ్చే సెప్టెంబరుకు ఇంకో బ్రిడీ కావాలి. ఆ పై సెప్టెంబరుకు ఇంకొకతె.

కలం తీసింది. భాష పేరు మీద గీత కొట్టింది. పైన, కాస్త ఖాళీ ఉన్నచోట, పశుపాలన అని రాసింది.

“సోమవారం మీ నాన్నచేత దీని పక్కన మళ్లీ సంతకం పెట్టించుకురా.”

“ఇబూ, మరి క్లాసు?”

“బస్సు పోతుంది. వెళ్లు.”

“నేనేమన్నా తప్పు చేశానా?”

“లేదమ్మా. బూట్లు తొడుక్కో.”

అమ్మాయి గుమ్మం బయట కూర్చుని తాళ్లు కట్టుకుంది. రెండు బూట్లకు పట్టాల్సిన దానికంటే చాలాసేపు పట్టింది. మర్లీన్ గదిలోనే నిలబడింది. అడుగుల చప్పుడు దూరమయ్యాక ప్రిన్సిపాల్ గదికి నడిచింది. గడియారంలో నాలుగుకు పది నిమిషాలు తక్కువ.

“ఏడు,” అంది.

“కెవిన్ కూతురు కూడా అని విన్నానే?”

“ఏడు.”

నీల్ లేచి తలుపు దగ్గరికి వేశాడు. “ఒక్క పేరు ఇబూ. ఎవరిదో ఒకరిది రాసుకుందాం. ఫిబ్రవరిలో మానేశారని చెబుదాం. ఎవడు చూడొచ్చాడు?”

“ఎనిమిదో తరగతి పరీక్షలో కాపీ కొట్టినప్పుడు కూడా నువ్వు ఇదే అన్నావు.”

అతడు నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఆగింది. కంప్యూటరు వైపు తిరిగి పదో తరగతి వరసలోంచి ఇండోనేషియా భాష తీసేశాడు. తర్వాత ఆమె వైపు చూసి, ఆ భాషలోనే ఏదో చెప్పాలని నోరు తెరిచాడు. మాట దొరకలేదు. చివరికి ఇంగ్లీషులో, చాలా నెమ్మదిగా, క్షమించమన్నాడు.

“నీ తప్పేం లేదు,” అని ఆమె వెళ్లిపోయింది.

మరునాడు శనివారం. ఎనిమిదింటికి మర్లీన్ మెల్బోర్న్ దూరవిద్య కేంద్రం దరఖాస్తులు ఏడు ముద్రించుకుని కారులో పెట్టుకుంది. అందులో చేరిన పిల్లలకు ఆ భాష పాఠాలు తపాలాలో వస్తాయి, వారానికొకసారి ఫోనులో ఒక టీచరు మాట్లాడుతుంది. ఆవాల్లాంటి నూనెపంట కనోలా చేలు పూతకొచ్చి దారికి రెండువైపులా పసుపు పరిచినట్టున్నాయి. ప్రతి పొలం దగ్గరా ఆమె దిగి గేటు తీసింది, కారు లోపలికి నడిపింది, మళ్లీ దిగి గేటు మూసింది. హేమిష్ వాకిట్లోనే నిలబడి సంతకం పెట్టాడు. మెర్సర్ కవలలు తల్లి వెనక నిలబడి విన్నారు.

“ఫోనులో మాట్లాడేది మీరేనా ఇబూ?” అని తల్లి అడిగింది.

“నేను కాదు. మెల్బోర్న్‌లో ఎవరో.”

“ముక్కూ మొహం తెలియని మనిషితో వీళ్లు నోరు విప్పుతారా? మీ దగ్గరే పెదవి కదపరు.” కాగితాలు తిరిగిచ్చి, టీ తాగి వెళ్లమంది. మర్లీన్ తాగింది.

నాలుగో ఇంట్లో నవ్వుతూ వద్దన్నారు. ఆరో ఇంట్లో ఒక అమ్మాయి కాగితం రెండుసార్లు చదివి సంతకం పెట్టింది. పదకొండున్నరకు ఆఖరి గేటు మూసి ఆమె ఊళ్లోకి వచ్చింది. రెండు దరఖాస్తులు కవరులో పెట్టి, అంటించి, పన్నెండింటికి తపాలా తీసుకెళ్లే బండి రాకముందే పెట్టెలో వేసింది.