మూర్తిగారి కంప్యూటర్ ఆలోచించే వేళ

కంప్యూటర్ ఆలోచిస్తున్నప్పుడు మనుషులు కదలకూడదన్నది సత్యనారాయణమూర్తిగారి సిద్ధాంతం. నూజివీడులో శ్రీరాములుగారి మామిడి మండీకి ఆయనే ఆపరేటరు. రోజూ పదకొండు కాగానే, "ష్! ఆలోచిస్తున్నారండీ!" అని కేకేసేవారు. పది నిమిషాలు గంపలు మోసే ఆడవాళ్ళంతా ఎక్కడివాళ్ళక్కడ కూర్చోవలసిందే. తుమ్మొచ్చిందన్న లారీ డ్రైవరును ఒకసారి మైలవరం రోడ్డు మీదికి వెళ్ళి తుమ్మి రమ్మన్నారు.

"మిషనుకి చెవులుంటాయంటయ్యా?" అని శ్రీరాములుగారు విసుక్కుంటే, "నెమ్మదిగా అనండి, వింటారు" అనేవారు.

ఎనభై తొమ్మిది ఎండాకాలంలో మండీకి కొత్త కంప్యూటరొచ్చింది, వేరే సాఫ్ట్‌వేరుతో. ఏ తోట కాయ ఏ లారీ ఎక్కాలో జాబితా తీసే మూర్తిగారి మాక్రోను అందులో నడిపే పని, కంప్యూటర్ కోర్సు చదివొచ్చిన శ్రీరాములుగారి కూతురు హైమవతి మీద పడింది. మాక్రో అంటే మనం నొక్కాల్సిన అక్షరాలన్నీ వరసగా రాసి పెట్టుకున్న చీటీ. కంప్యూటరే చూసి నొక్కేసుకుంటుంది.

తీరా చూస్తే, పాతదాంట్లో అచ్చువెయ్యమనే అక్షరం కొత్తదాంట్లో చెరిపెయ్యమంటోంది! మొదటిసారి నడపగానే విస్సన్నపేట తోటలన్నీ మాయం. రెండోసారి ప్రింటరు నలభై పేజీల నిండా 'ముసునూరు, ముసునూరు' అని కొట్టింది. బయట మూడు లారీలు ఖాళీగా, ఎండకి మగ్గిపోతున్న రసాలు.

"కొత్తిల్లు కదమ్మా, బెంగపెట్టుకున్నారు," అన్నారు మూర్తిగారు.

హైమవతి అక్షరం అక్షరం మార్చుకుంటూ పోయింది. రెండు గంటలకి జాబితా వచ్చింది, గంపలు కదిలాయి. మాక్రోలో ఒక్క వరస మిగిలింది.

"ఇదేంటి బాబాయిగారూ? పదకొండింటికి పది నిమిషాలు ఊరికే ఆగమని రాశారు!"

"అది... ఆలోచనమ్మా."

"ఆలోచనేం లేదండీ. ఉత్తి ఆగడమే."

మూర్తిగారు గొంతు తగ్గించారు. "పొద్దున్న ఆరింటి నుంచి మోస్తూనే ఉంటారు. కాసేపు కూర్చోండని నేనంటే మీ నాన్నగారు ఊరుకుంటారా? అదే కంప్యూటరంటే ఎదురులేదు."

కిటికీ అవతల కూలీల ముఠా పెద్ద అచ్చమ్మ, నెత్తిన గంపతో, కొంగుతో చెమట తుడుచుకుంటూ వెళుతోంది.

వెనక దగ్గు వినిపించింది. గుమ్మంలో శ్రీరాములుగారు! మూర్తిగారు లేచి నిలబడ్డారు.

"ఏమయ్యా, కొత్త మిషను పాతదానికంటే గొప్పదని కదూ కొనిపించావు?"

"అవునండీ."

"మరి ఇంకాస్త ఎక్కువే ఆలోచించాలిగా! పావుగంట పెట్టమ్మా హైమా. మజ్జిగ కూడా తాగుతారు."