మా అమల కొలిచిన కడుపులు

మా ఊరి సుహానా బిడ్డ బరువును పుట్టకముందే చెప్పడం మా అమల మొదటి గెలుపు. నర్సు పరీక్ష రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కి, పాకాల దగ్గర ఆరోగ్య ఉపకేంద్రంలో చేరిన కొత్తలో జరిగిన సంగతి. పొత్తికడుపు కింది ఎముక నుంచి గర్భం పైఅంచు దాకా టేపు పెట్టి, లెక్క కట్టి, "నాలుగు కిలోలకు తగ్గదు, తిరుపతికి పోవాల" అంది.

సుహానా అత్త అమీనా బీ నవ్వింది. "ఈ పుల్లలాంటి పిల్లకా? కడుపులో గుమ్మడికాయ ఉండాదా యేంది నర్సమ్మా?"

"గుమ్మడికాయో, నీ మనవడో, ఆడికి పోతే తెలుస్తాది. లెయ్ అమీనమ్మా!" అని తానే ఆటో ఎక్కించింది. ఆపరేషన్ చేసి తీస్తే నాలుగు కిలోల మగబిడ్డ.

నేను చదివింది ఊరిబడిలో ఐదో తరగతి. నా తమ్ముడి కూతురు అమల మా వంశంలో సర్కారు ఉద్యోగం చేసిన మొదటి ఆడపిల్ల. కలెక్టరాఫీసులో శాలువా కప్పించుకుంది. ఇవి చెప్పకుండా మిగతాది చెప్పడానికి నాకు మనసొప్పదు.

మూడేళ్ళ కిందట అమల అన్న లోకేష్ భార్య రాజశ్రీకి నెలలు నిండాయి. పెళ్ళయిన ఎన్నో ఏళ్ళకు వచ్చిన కడుపు. ఇంకోసారి స్కానింగుకు పోదామన్నాడు లోకేష్.

"ఇంట్లోనే నర్సమ్మను పెట్టుకోని స్కానింగెందుకబ్బా?" అంది రాజశ్రీ. నేను వసారాలో కూర్చుని ఉన్నాను.

"వదినా, చీర ముడి కిందికి దించాల."

"పెద్దమామ బయటే ఉండాడు. సిగ్గుగా ఉండాదే, ముడి పైనుంచే కొలుచుకో."

ఊళ్ళో ఎవరినైనా గదమాయించే అమల, తల్లి పోయాక తనకు జడలేసి పెంచిన వదిన మాట కాదనలేకపోయింది. ఎముక దాకా పోని టేపు తక్కువ చూపించింది. "మూడు కిలోలుంటాది. ఈడనే కానుపు చేసుకోవచ్చు" అంది.

నొప్పులొస్తే అమలే కానుపు చేసింది. తల వచ్చింది, భుజం చిక్కుకుంది. బయటపడేసరికి బిడ్డలో ఊపిరి లేదు. అమలే త్రాసులో పడుకోబెట్టింది. నాలుగు కిలోల పైనే ఉన్నాడు.

ఇంట్లో ఎవరూ అమలను తప్పుపట్టలేదు. ఆమె బదిలీ అడిగి పులికాట్ ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ పల్లెకు వెళ్ళిపోయింది. లోకేష్ పోయి పిలిస్తే, "ఆ వాకిలి తొక్కలేనన్నా" అని ఏడ్చిందట.

ఇప్పుడు రాజశ్రీకి మళ్ళీ ఎనిమిదో నెల. మొన్న తానే అమలకు ఫోన్ చేసింది.

"స్కానింగు తీయించినాము, ఆస్పత్రి మాట్లాడుకున్నాము. నిన్ను కొలవమని పిలవడంలేదు లేవే. నొప్పులొస్తే చెయ్యి పట్టుకునేదానికి నాకెవరుండారు?"

అవతలినుంచి "లీవు పెడతా వదినా" అని మాత్రం వినిపించింది.

లీవు దొరికింది. నవంబరు పద్నాలుగు, శనివారం, అమల పాకాల స్టేషన్‌లో దిగుతుంది.